మా లాన్‌కు దారం తెగులు

నవంబర్ 3, సోమవారం. ఉదయం 5:30

లేచాను. నిజంగానే అయిదున్నరకు లేచాను. సాక్ష్యం కావాలంటే పాలాయన ఉన్నాడు, గేటు దగ్గర నన్ను చూసి జడుసుకున్నాడు.

సంకల్పం: ఈ నెల 30, ఆదివారం నాటికి మా ఇంటి ముందు లాన్ మొత్తం పచ్చగా ఉండాలి. ఒక్క పసుపు మచ్చ ఉండకూడదు. ఆ రోజు మా ఆఫీసు నుంచి పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు. గడ్డి మీదే భోజనం. ఎల్లారెడ్డి ఊళ్ళో మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ మహిపాల్ అంటే అందరికీ రెండు సంగతులు తెలుసు: ఫైలు పోగొట్టడు, లాన్ గురించి మాట్లాడడం ఆపడు. పక్క సీటు అబ్రాహాము మొన్న అందరి ముందూ అన్నాడు: "మహిపాల్, నీ లాన్ ఫోన్లనే ఉంటదా, భూమ్మీద గూడ ఉంటదా?" ఆ మాట మీద పిలిచాను.

కామారెడ్డిలో ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని ఏడాదిన్నర. కాలనీలో అందరూ ఇంటి ముందు బండలు పరిచారు. నేను గడ్డి పరిచాను. ఇరవై అడుగులు ఇటు, పన్నెండు అడుగులు అటు. మొన్నటిదాకా నిక్షేపంగా ఉంది. ఇప్పుడు నిమ్మచెట్టు పక్కన ఒక మచ్చ. గుండ్రంగా, చాటంత.

ఇంకో సంగతి. మా అవ్వ, నన్ను కన్నతల్లి విమలమ్మ, ఎల్లారెడ్డి నుంచి రేకుపెట్టెతో సహా వచ్చి తొమ్మిది రోజులైంది. ఇన్నాళ్ళకు ఒప్పుకుంది. అదీ షరతు మీద: "నెల చూస్త. మనసున వడితె ఉంట. లేకుంటె నా ఇంటికి నేను వోత." అంటే కొడుకును నెల రోజులు ప్రొబేషన్‌లో పెట్టింది. నా షరతు ఒక్కటే, ఈ ఇంట్లో బీడీలు చెయ్యకూడదు. నలభై ఏళ్ళు చేసింది, దగ్గు తెచ్చుకుంది, ఇక చాలు. ఒట్టు కూడా వేయించుకున్నాను. ఆమె ఉండిపోతే నాకు అంతకన్నా ఏం కావాలి? కానీ సరిగా తినడం లేదు. పగలంతా ఒక్కతే బయట కూర్చుని గోడ చూస్తోందట. బి-12 తక్కువై ఉంటుంది. గోలీలు తెచ్చాను.

నియమాలు:
1. రోజూ 5:30కి నీళ్ళు.
2. రోజూ ఫోటో.
3. యూరియా బంద్. (నా భార్య వినీత ఒత్తిడి మీద. "దంటుకూర మడికేసినట్టు ఏస్తున్నవు" అంది.)
4. కోపం తెచ్చుకోకూడదు.
5. రోజూ ఈ డైరీ.

27 రోజులు. ఒక మచ్చ. ఇదేమన్నా పెద్ద పనా!


నవంబర్ 4, మంగళవారం. ఉదయం 5:40

పది నిమిషాలు లెక్కలోకి రాదు.

అనుమానితుడు: పక్కింటి కుక్క. వాళ్ళ గేటు దగ్గర నిలబడి మర్యాదగానే అడిగాను. వాళ్ళాయన "మా కుక్క మీ గడ్డి దిక్కు సూడది సార్, దానికి బండలంటెనే ఇష్టం" అన్నాడు. నా మీద వేసిన మాట అనిపించింది. కోపం తెచ్చుకోలేదు. నియమం 4.

సాయంత్రం ఎల్లారెడ్డి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పావుతక్కువ ఏడు. చీకటి. ఫోన్ లైటు వేసి మచ్చ చూశాను. అలాగే ఉంది.

అవ్వ: తిన్నవా అంటే తిన్న అంది. గోలి ఏసుకున్నవా అంటే ఏసుకున్న అంది.


నవంబర్ 6, గురువారం. ఉదయం 6:10

నిన్న రాయలేదు. నిన్న పండుగ సెలవు, సెలవునాడు డైరీకి కూడా సెలవు అని నియమం 5 కింద చిన్న సవరణ చేశాను.

మచ్చలు మూడయ్యాయి.

మా అమ్మాయి సింధూజ ఇంటర్ రెండో సంవత్సరం. నా ఫోన్‌లో మొక్కల రోగాలు చెప్పే యాప్ ఒకటి వేసి ఇచ్చింది. ఫోటో తీసి పెడితే రోగం పేరు చెబుతుంది. మొదటి ఫోటోకు "నీరు ఎక్కువ" అంది. రెండో ఫోటోకు "నీరు తక్కువ" అంది. మూడో ఫోటోలో నా చెప్పు పడింది, దానికి "ఆరోగ్యంగా ఉంది" అంది.

మంచి వార్త: అవ్వ రాత్రి రెండు జొన్నరొట్టెలు తిన్నది, పచ్చిపులుసు మళ్ళీ పోయించుకుంది. మాట కూడా కాస్త హుషారుగా ఉంది. నాలుగు రోజుల్లో ఇంత మార్పు. బి-12 అంటే ఏమో అనుకున్నాను.


నవంబర్ 9, ఆదివారం. ఉదయం 7:00 (సెలవు కాబట్టి చెల్లుతుంది)

నిన్న శనివారం, ఈరోజు ఆదివారం. రెండు రోజులూ కుర్చీ వేసుకుని లాన్‌కు కాపలా కూర్చున్నాను. మచ్చలు ఇసుమంత కూడా పెరగలేదు. పైగా చివర్లు కాస్త పచ్చబడ్డట్టున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ముదురుతుంది, శని ఆదివారాలు ఆగుతుంది. ఈ రోగానికి ప్రభుత్వ సెలవులు కూడా ఉన్నాయా?

అవ్వ నిన్నటి నుంచి కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకి బయటికి తిరుగుతోంది. మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరకు వచ్చి అడిగింది: "రేపు ఆఫీసు ఉన్నదా బిడ్డా?"

"ఉన్నదే."

"మంచిగైంది" అంది.

కొడుకు ఉద్యోగం మీద తల్లికి ఎంత శ్రద్ధ.


నవంబర్ 11, మంగళవారం. ఉదయం 6:50

మచ్చలు ఐదు!

వరసగా వంపు తిరిగి ఉన్నాయి. నిమ్మచెట్టు పక్కది పెద్దది, మిగతా నాలుగూ దానికి ఎదురుగా. పైనుంచి చూస్తే ఐదుగురు కూర్చుని ముచ్చట పెట్టుకుంటున్నట్టుంది. యాప్ ఈసారి గట్టిగా చెప్పింది: శిలీంధ్రం. అంటే బూజు జాతి. గుండ్రంగా వలయం కడుతుందట. "గడ్డిలో ఎర్రటి, గులాబీ రంగు సన్నటి దారాలు కనిపిస్తున్నాయేమో చూడండి" అని రాసింది.

మోకాళ్ళ మీద వంగి చూశాను. కనిపించాయి. సన్నగా, గులాబీ రంగులో, వేలెడు పొడవు. ఒకటి కాదు, పది పన్నెండు. దీని పేరు ఎర్రదారం తెగులు. చలికాలంలో వస్తుంది. పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. కామారెడ్డిలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది బహుశా నేనే.

లోపలికి వెళ్ళి అందరికీ చెప్పాను. వినీత చపాతీ పిండి కలుపుతోంది, తల ఎత్తలేదు. సింధూజకు దగ్గొచ్చింది, నీళ్ళు తాగడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అవ్వ ఒక్కతే శ్రద్ధగా విన్నది.

"మందు ఉంటదా దానికి?" అంది.

"ఉంటది. కొడ్త."

"మందు ఎందుకురా, గరీబు రోగం లెక్కున్నది. దానంతట అదే పోతది తియ్యి."

పల్లె మనిషి. రోగం మీద కూడా జాలిపడుతుంది.


నవంబర్ 12, బుధవారం. ఉదయం 6:40

నిన్న సాయంత్రం త్వరగా దిగి, బస్టాండు దగ్గర రాజేశం విత్తనాలు, ఎరువుల దుకాణానికి వెళ్ళి మందు తెచ్చాను. రాజేశం పెద్దమనిషి, తొందరపడడు. "నమూనా తెచ్చినవా సార్? సూడకుంట మందియ్య నేను" అన్నాడు. రోగం పేరు ఇంగ్లిషులో రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఇచ్చేశాడు.

శనివారం కొడతాను.


నవంబర్ 15, శనివారం. సాయంత్రం 5:00

అద్దెకు తెచ్చిన స్ప్రేయర్ మూతి కారుతోంది. ఒకసారి గట్టిగా పంపు కొడితే నా చెప్పుల్లోకి నీళ్ళు. మందు కలపకముందే తెలిసింది నయం. స్ప్రేయర్ వెనక్కి ఇచ్చేశాను. మందు డబ్బా స్కూటర్ డిక్కీలోనే ఉంది.

కానీ ఊరికే కూర్చోలేదు. లాన్ చుట్టూ నాలుగు కర్రలు పాతి నైలాన్ తాడు కట్టాను. అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను:

మందు కొట్టబడినది. మనుషులు, పశువులు లోపలికి రాకూడదు. ప్రాణాపాయం.

కొట్టలేదు నిజమే. వచ్చే వారం ఎలాగూ కొడతాం కదా. రూలు ముందు, పని తర్వాత. ఆఫీసులో మేం చేసేదీ అదే.

బోర్డు కడుతుంటే అవ్వ మెట్ల మీద నిలబడి చూసింది. "ఎన్ని దినాలురా?" అంది. "పదిహేను దినాలు" అన్నాను. లోపలికి వెళ్ళిపోయింది.


నవంబర్ 19, బుధవారం. ఉదయం 6:55

అద్భుతం. మచ్చలు తగ్గుతున్నాయి. పసుపు అంతా లేత ఆకుపచ్చకు తిరిగింది. మందు డబ్బా మూత కూడా తీయలేదు. బోర్డు చూసే తగ్గిపోయింది. చదువుకున్న రోగం.

అబ్రాహాముకు ఫోటో చూపించాను. "ఫోటోకు రంగేసినవా?" అన్నాడు. 30న చూస్తాడు.

నీళ్ళు ఈ మూడు రోజులూ వినీతే పెట్టింది. నేను పర్యవేక్షించాను, పక్క మీద నుంచి.

అవ్వ మళ్ళీ తినడం తగ్గించింది. ఒక రొట్టె, అదీ సగం కుక్కకు. మాకు కుక్క లేదు, పక్కింటిదానికే వేసిందట. బి-12 ఒంటికి అలవాటు పడిపోయి ఉంటుంది. కంపెనీ మార్చాలి.


నవంబర్ 22, శనివారం. ఉదయం 7:40

లాన్ తొంభై శాతం. నిమ్మచెట్టు పక్కది ఒక్కటే ఇంకా మొండికేస్తోంది.

30న కావాల్సినవి: పన్నెండు కుర్చీలు అద్దెకు, బగార అన్నం, మటన్, అబ్రాహాము కూర్చోవడానికి అన్నిటికంటే పచ్చగా ఉన్న చోటు.

పొద్దున అవ్వ అడిగింది: "ఎల్లారెడ్డికి పొద్దుగాల బస్సు ఎన్నింటికున్నదిరా?"

నేను వెళ్ళే బస్సు గురించి అనుకుని ఏడుంబావుకు అన్నాను. తర్వాత వినీత వంటింట్లోకి పిలిచి చెప్పింది. "అత్తమ్మ తన గురించి అడిగింది. నెల మంగళారం నాడు నిండుతది. శుక్రారం పోతనంటున్నది. పెట్టె గూడ సదురుకున్నది."

"గోలీలు మారుస్త" అన్నాను.

"గోలీలతోని కాదు" అంది వినీత. ఇంకేదో చెప్పబోయి ఆగింది. "నువ్వే అడుగు ఆమెను."

అడుగుతాను. కుర్చీల సంగతి తేలగానే.


నవంబర్ 24, సోమవారం. ఉదయం 7:50 (బస్సు తప్పింది)

ఘోరం. రోగం ఇంట్లోకి వచ్చింది.

అవ్వ దుప్పటి మడతపెడుతుంటే జారిపడింది. అదే గులాబీ దారం. దిండు కింద ఇంకో మూడు. మూర పొడవున ఒకటి, చిన్న ఉండ చుట్టి ఉంది. బూజు తనను తాను ఉండ చుట్టుకుంటుందని యాప్‌లో ఎక్కడా లేదు.

మనిషికి అంటుతుందా? అవ్వ తినకపోవడం దీనివల్లేనా? నాకు ఈసారి నిజంగా భయమేసింది. ఉండను పాలిథిన్ కవర్లో వేసి ముడి వేశాను. రేపు నమూనాతో రాజేశం దగ్గరికి.


నవంబర్ 25, మంగళవారం. సాయంత్రం 6:30

రెండు గంటలు ముందు దిగి నేరుగా దుకాణానికి వెళ్ళాను. జనం ఉన్నారు. మక్కజొన్న విత్తనాల కోసం వచ్చిన రైతులు ఆరేడుగురు. కవరు విప్పకుండానే రాజేశం చేతిలో పెట్టి, "ముట్టుకోకు, అంటుతదేమో" అన్నాను.

కవరు వెలుతురుకు పెట్టి చూశాడు. ముడి విప్పాడు. ఉండ తీసి, కొస పట్టుకుని రెండు వేళ్ళ మధ్య లాగాడు. టప్పున తెగింది.

"సార్, ఇది రోగం గాదు. బీడీ దారం. మీ ఇంట్ల ఎవ్వలన్న బీడీలు చేస్తరా?"

రైతులందరూ నా వైపు చూశారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"లేదు. మా ఇంట్ల ఎవ్వలు చెయ్యరు" అన్నాను.

రాజేశం కళ్ళద్దాలు పైకి జరిపాడు. "నువ్వు ఎల్లారెడ్డి విమలమ్మ కొడుకువు గాదా? నిన్ను మొన్ననే పోల్చిన. మా అక్కకు దారం కట్టుడు నేర్పింది మీ అవ్వనే. ఆమె కట్టిన కట్టల ఒక్క బీడీ తీసెయ్యకపోతుండె కంపెనోడు." ఉండ మళ్ళీ కవర్లో వేసి ఇచ్చాడు. "మంచిగున్నదా అవ్వ?"

"మంచిగున్నది" అన్నాను. అది రెండో అబద్ధం.

ఇంటికి వచ్చాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. రేకుపెట్టె గుమ్మం పక్కన. దారం చూపించాను.

"ఇదేందవ్వా?"

"దారం" అంది. "భూమక్కది. మంచిది గాదు, ఊకె తెగుతది."

భూమక్క ఎవరో నాకు తెలియదు. వెనక గల్లీలో మేడ మీద ఒక్క గదిలో అద్దెకు ఉంటుందట, రాజంపేట మనిషి. వచ్చిన కొత్తలో అవ్వ నిమ్మచెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంటే గోడ మీద నుంచి చూసి పలకరించింది. మర్నాడు చాట పట్టుకుని వచ్చింది. తర్వాత సాలవ్వను తెచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. నా బస్సు కదలగానే వచ్చి, నేను దిగే వేళకు లేచిపోయేవాళ్ళు. ఐదుగురు. ఐదు మచ్చలు.

"బీడీలు చెయ్యనని ఒట్టేసినవు గదనే."

"ఏడ చేసిన? తంబాకు ముట్టలే, ఆకు ముట్టలే. వాళ్ళు చుట్టి ఇస్తె నేను దారం కట్టిన. దారం కట్టుడు బీడీలు చేసుడెట్లయితది?"

ఇరవై ఏళ్ళుగా జీవోల్లో సందులు వెతికే ఉద్యోగం నాది. ఈ సందు నాకు తట్టలేదు.

"మరి ఇప్పుడు ఎందుకు పోతనంటున్నవు?"

"గడ్డికి మందు గొడ్తివి. వాళ్ళు రాకపాయిరి. భూమక్క రూముకు ఇరవై మెట్లు, నా మోకాళ్ళు ఎక్కనిస్తయా? ఈడ ఎవ్వలున్నరురా నాకు?"

"నేను లేనా అవ్వా? నాకు చెప్పొచ్చు గద."

"ఎప్పుడు చెప్పాలె? పొద్దుగాల గడ్డితోని మాట్లాడ్తవు, పొద్దుమీకి గడ్డితోని మాట్లాడ్తవు. నాతోని మాట్లాడేది ఒక్కటే, గోలి ఏసుకున్నవా అని."

కోపంగా అనలేదు. ఛాయ వేళైందని చెప్పినట్టు అన్నది.

వెనక్కి తిప్పి ఈ డైరీ మొత్తం చదివాను. గడ్డి గురించి ఎన్ని పేజీలో. అవ్వ ఏం చెప్పిందో ఒక్క ముచ్చట లేదు. అడిగితేనే కదా ఉండడానికి. నాకు సిగ్గేసింది.

ఇంకొకటి రాయాలి, రాయకపోతే ఈ డైరీ దండగ. ఆరో తరగతికి నన్ను హాస్టల్‌కు పంపేటప్పుడు అవ్వ నా మూడు చొక్కాల గుండీలూ బీడీ దారంతోనే గట్టిగా కుట్టి పంపింది. తెల్ల చొక్కా, గులాబీ కుట్లు. పిల్లలు నవ్వారు. ఆ ఏడాదంతా గుండీల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగాను. ఆ దారాన్ని నేను ముట్టి, వంగి చూసి, తెగులు అన్నాను. పదిమందిలో మాది కాదన్నాను.


నవంబర్ 26, బుధవారం. సాయంత్రం 6:00

సెలవు పెట్టాను. కారణం: ఇంటి పని.

ఇరవై కాదు, ఇరవై రెండు మెట్లు. భూమక్క తలుపు తీసి నన్ను చూసి కొంగు సర్దుకుంది. అయిదారు అడుగుల గది. లైటు వేసుకుని నలుగురూ గోడకు ఆనుకుని చుడుతున్నారు, తంబాకు ఘాటుకు నాకే దగ్గొచ్చింది.

"మా గడ్డి కాడికి రాండ్రి" అన్నాను.

సాలవ్వ తల ఎత్తలేదు. భూమక్క అడిగింది: "మందు కొట్టినవంట గద సారు. ప్రాణాపాయమని రాసి ఉన్నదంట, మీ బిడ్డ సదివి చెప్పింది."

"మందు కొట్టలేదు" అన్నాను. "బోర్డే పెట్టిన."

నలుగురూ చేతులు ఆపారు. సాలవ్వే మొదట నవ్వింది, తర్వాత అందరూ. చాలాసేపు నవ్వారు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను, లోపల జాగా లేదు కాబట్టి.

"ఉత్త బోర్డుకే పది దినాలు దూరముంచినవా మమ్ముల?" అంది భూమక్క. "విమలక్క ఒక్కతే ఎట్లున్నదో అని రోజు అనుకుంటిమి."

ఇంటికి వచ్చి తాడు విప్పాను. బోర్డు ఎవరి కంటా పడకుండా మడిచి చెత్తలో వేశాను. మూడు గంటలకు నలుగురూ గోనెపట్టాలు, చాటలతో వచ్చారు. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు, ఇంచు తేడా లేకుండా. పాపం పది రోజులు కష్టపడి మొలిచిన గడ్డి.

అవ్వ మెట్లు దిగి వచ్చింది. నిమ్మచెట్టు పక్కన కూర్చుని చెయ్యి చాచింది. భూమక్క దారం ఉండ అందించింది. నేనూ పక్కన కూర్చున్నాను. అవ్వ నన్ను పట్టించుకోలేదు, ఆమె వేళ్ళు నడుస్తున్నాయి. కాసేపటికి, "నీ బాపు గూడ గిట్లనే, గట్టు మీద గరిక పీకనియ్యకపోతుండె" అని మొదలుపెట్టింది. నాన్న గురించి గంటసేపు చెప్పింది. ఈ ముచ్చట నలభై నాలుగేళ్ళలో నాకు తెలియదు.

ఉంటావా అని అడగలేదు. భయమేసింది.


నవంబర్ 28, శుక్రవారం. ఉదయం 7:40 (బస్సులో)

ఏడుంబావు బస్సు. నేను బయల్దేరుతుంటే గుమ్మం పక్కన చూశాను. రేకుపెట్టె లేదు. లోపలికి పరిగెత్తాను.

మంచం కిందికి తోసి ఉంది. దాని మీద రెండు చాటలు పేర్చి ఉన్నాయి.

"బస్సు తప్పుతదిరా" అంది అవ్వ, ఛాయ తాగుతూ. "శనారం గూడ ఆఫీసు ఉంటె మంచిగుండు."


నవంబర్ 30, ఆదివారం. సాయంత్రం 4:00

వచ్చారు. పన్నెండు మందీ వచ్చారు. బగార అన్నం అడుగంటలేదు, మటన్ సరిపోయింది.

లాన్ సంగతి: ఐదు మచ్చలూ అచ్చంగా మళ్ళీ వచ్చాయి. మూడు రోజుల్లో ఇంత పని ఏ బూజూ చెయ్యదు.

అబ్రాహాము గేటు తీస్తూనే చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగాడు. "ఇదేం రోగం మహిపాల్?"

నాలుక చివరిదాకా వచ్చింది, ఎర్రదారం తెగులు, చలికాలంలో వస్తుంది, ప్రపంచమంతా ఉంది. అందరూ వింటున్నారు. దుకాణంలో రైతులు చూసినట్టే చూస్తున్నారు.

"రోగం గాదన్నా. మా అవ్వ, ఆమె తోటోళ్ళు కూసుండే జాగలు. ఆడ బీడీలు చేస్తరు. మా అవ్వ దారం కడ్తది. ఆ దారం మీదనే నేను సదువుకున్న."

అబ్రాహాము కాసేపు గడ్డి వైపు చూశాడు. "మీ అవ్వది ఏది?" అన్నాడు. నిమ్మచెట్టు పక్కది చూపించాను.

కుర్చీ వద్దని, పళ్ళెం పట్టుకుని దాని పక్క మచ్చలో, భూమక్క చోట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిమ్మచెట్టు పక్కది ఖాళీగా ఉంచాడు. "అవ్వా, రా. నీ జాగల నువ్వు కూసో, కల్సి తిందం" అని పిలిచాడు. అవ్వ వెళ్ళి కూర్చుంది. వాడితో మాట్లాడినంతసేపు నాతో ఈ నెలంతా మాట్లాడలేదు. వాడికి మా ఇంట్లో ఇక తిరుగు లేదు.

పోయేటప్పుడు చెవిలో అన్నాడు: "లాన్ ఫోటోలల్లనే మంచిగున్నది. ఇల్లు మాత్రం భూమ్మీదనే మంచిగున్నది."


డిసెంబర్ 1, సోమవారం. ఉదయం 8:05 (ఏడుంబావు బస్సు తప్పింది)

కొత్త సంకల్పం. జనవరి 31 నాటికి లాన్ మొత్తం పచ్చగా ఉండాలి. ఈసారి శాస్త్రీయంగా.

నియమాలు:
1. 5:30కి లేవడం.
2. మార్పిడి పద్ధతి. లాన్‌ను పది గళ్ళుగా విభజించి పటం గీశాను. ప్రతి సోమవారం ఐదుగురూ రెండడుగులు తూర్పుకు జరగాలి. పటం మొన్ననే చూపించాను. భూమక్క చదివించుకుని, "నా జాగ నాది" అంది. సాలవ్వ తూర్పు ఎటు అంది. అవ్వ "జరుగుతం తియ్యి" అంది. ఈరోజు సోమవారం. ఎవరూ జరగరని నాకు తెలుసు.
3. మందు డబ్బా రాజేశానికి వాపసు. నేనే వెళ్ళి ఇవ్వాలి. ఆ రైతుల ముందు అన్న మాటకు కూడా వాపసు ఉందేమో అడగాలి.
4. తంబాకు చాట అవ్వకు నాలుగడుగుల దూరం. దీన్లో సందు వెతకకూడదని రాయించుకున్నాను. వేలిముద్ర వేస్తూ నవ్వింది.
5. బి-12 బంద్. డాక్టరును అడిగి.

ఇప్పుడే చొక్కా వేసుకుంటుంటే రెండో గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. వినీత సూదికి తెల్లదారం వెతుకుతోంది. అవ్వ చేతి కింద ఉన్న ఉండ తీసుకుని, నేను చొక్కా విప్పకుండానే ఎదురుగా నిలబడి కుట్టేసింది, కొస పంటితో కొరికింది. తెల్ల చొక్కా, గులాబీ కుట్టు. ఇలాగే ఆఫీసుకు వెళ్తున్నాను.

రేపటికి అలారం 5:30కి పెడుతుంటే చూసింది.

"గడ్డి కోసమేనారా అంత పొద్దుగాల? ఆరింటికి లే. ఛాయ తాగుకుంట ఇద్దరం కూసుందం."

ఆరుకు మార్చాను. రేపటి నుంచి మాత్రం పక్కా.